హైమావతి అడగని ప్రశ్న

నేను ఒక మైకును. సభల్లో స్టాండుకు తగిలించే పెద్ద మైకును కాదు, టీవీ విలేకరులు మనుషుల మూతి దగ్గర పెట్టే చేతి మైకును. పుట్టింది సముద్రాల అవతల ఏదో ఫ్యాక్టరీలో. విశాఖపట్నంలో ఒక వార్తా చానల్ వాళ్లు అట్టపెట్టె విప్పి నన్ను బయటికి తీసి, చానల్ పేరున్న డబ్బా నా మెడకు తొడిగారు. దాన్ని లోగో అంటారు. మనుషులు భయపడేదీ, కుర్చీ వేసి కూర్చోబెట్టేదీ ఆ లోగోను చూసే తప్ప నన్ను చూసి కాదని త్వరలోనే తెలిసింది.

మొదట్లో నన్ను సినిమా ఫంక్షన్లకు తిప్పారు. అక్కడ అందరూ అందరినీ పొగుడుకునేవారు. తర్వాత పొట్నూరు హైమావతి చేతికి వచ్చాను.

ఆమెది టెక్కలి. తండ్రి బస్సు కండక్టరు. హైమావతి గట్టిగా అరిచే రకం కాదు. ప్రశ్న అడిగి ఊరుకునేది. జవాబు వచ్చేదాకా నన్ను అవతలివాళ్ల ముందు నుంచి తీసేది కాదు. అధికారులు దగ్గేవారు, మంత్రులు వాచీ చూసుకునేవారు, ఆమె చెయ్యి మాత్రం కదిలేది కాదు. "ఆ సెయ్యేటమ్మా, సిమెంటుతో పోసేసినారా?" అని కెమెరామన్ అప్పలకొండ నవ్వేవాడు.

ఒకసారి ముగ్గురం గుల్లపేట వెళ్లాం. సముద్రం ఒడ్డున జాలరుల ఊరది. దగ్గర్లోని మందుల కంపెనీ తన మురుగంతా ఒక గొట్టం వేసి సముద్రంలోకి వదిలేస్తోంది. మేం వెళ్లేసరికి ఒడ్డు పొడవునా చచ్చిన చేపలు. జనం గుమిగూడారు గానీ నన్ను చూడగానే ఒకరి వెనక ఒకరు సర్దుకున్నారు. వాళ్లలో కొందరి బిడ్డలు ఆ కంపెనీ గేటు దగ్గరే కాపలా ఉద్యోగాలు చేస్తున్నారు మరి. అప్పుడు సూరాడ ఎర్రమ్మ అనే చేపలమ్మే ఆవిడ గంప కింద పెట్టి ముందుకొచ్చింది.

"ఈ కంపు నీకు తెలడం నేదా తల్లీ? నా కొడుకులు ఏటకెల్తే వల్లో సచ్చిన సేపలే పడతన్నాయి. అయ్యి అమ్మితే పాపం, అమ్మకపోతే పస్తు. ఆ గొట్టం ఎవులిదో ఇక్కడ అందరికీ తెలుసు. నోరిప్పడానికే బయ్యం. నాకేటి బయ్యం? సముద్రం మీద బతికినోలం!"

ఆ గొంతు నాలోంచి వెళ్లి రాష్ట్రమంతా వినబడింది. హైమావతి వదల్లేదు. కంపెనీ గేటు దగ్గరా, కలెక్టరాఫీసు మెట్ల మీదా, మంత్రి కారు తలుపు దగ్గరా అదే ప్రశ్న అడిగింది. చివరికి చానల్ యజమాని ఆమెను పిలిచి గుల్లపేట సంగతి ఇక చాలన్నాడు. కంపెనీ ప్రకటనలు ఆగిపోయాయట. ఆమె అప్పటికప్పుడు రాజీనామా చేసింది. అప్పలకొండ లోగో ఊడదీసి నన్ను ఆమె చేతిలో పెట్టాడు. "ఇది కూడా పాతబడిపోయిందమ్మా. నీతోనే ఉండనీ."

ఎన్నికలు దగ్గరికొచ్చాయి. ఒక పార్టీ వాళ్లు పూలగుత్తితో వచ్చి లోక్‌సభకు నిలబడమన్నారు. అప్పలకొండకు అది నచ్చలేదు.

"అడిగేవోలు ఆ పక్కకెలిపోతే ఇక అడిగేదెవులమ్మా?"

"ఇన్నేళ్లూ అడిగాను అప్పలకొండా. వాళ్లు కారెక్కి వెళ్లిపోతున్నారు. లేచి నిలబడి జవాబు చెప్పక తప్పని చోట ఒక్కసారి అడగాలి."

ఆ మాట ఆమె మనసులోంచే వచ్చింది. అబద్ధం ఆడే గొంతులు నేను చాలా విన్నాను, అది అలాంటిది కాదు. ప్రచారంలో ఎర్రమ్మ జెండా పట్టుకుని ముందు నడిచింది. గుల్లపేట ఊరు ఊరంతా ఓటేసింది. హైమావతి గెలిచి ఢిల్లీ వెళ్లింది. బట్టల పెట్టెలో ఆమెతో నేనూ వెళ్లాను. ఎంపీ క్వార్టర్సులో ఆమె రాసుకునే బల్ల మీద నాకు చోటు దొరికింది.

సభలో మంత్రిని నోటితో ప్రశ్న అడగాలంటే లాటరీలో పేరు రావాలి. పేరు వచ్చిన రోజు ఆమె చిన్నపిల్లలా గంతులేసింది. సముద్రంలోకి మురుగు వదిలే గొట్టాల మీద ప్రశ్న. గుల్లపేట పేరు అందులో ఉంది. ప్రశ్న వచ్చే ముందు రోజు మధ్యాహ్నం పార్టీ పక్షనాయకుడు వర్మ గారు ఇంటికి వచ్చారు.

"రేపు ప్రశ్నోత్తరాల వేళకు నువ్వు సభలో లేకపోతే బాగుంటుందమ్మా హైమా."

"ఎందుకు సార్?"

"ఆ మందుల కంపెనీ ఛైర్మన్ గారిని మనం రాజ్యసభకు పంపుతున్నాం. ఇవాళే ఖాయమైంది. మన మనిషిని మనమే నిలదీస్తే ఏం బాగుంటుంది?"

"నేను ఇక్కడికి వచ్చిందే ఆ ప్రశ్న అడగడానికి సార్."

"అడగొద్దనడం లేదమ్మా, వచ్చే సమావేశాల్లో చూద్దాం. ఈలోగా మీ గుల్లపేటకు పడవల జెట్టీ మంజూరు చేయిద్దాం. జవాబులో ఏముంటుంది? పరిశీలిస్తున్నాం అంటారు. జెట్టీ అయితే కళ్లముందు ఉంటుంది."

ఆమె చాలాసేపు వాదించింది. వాదించి వాదించి, "జెట్టీ తప్పకుండా వస్తుందా సార్?" అంది. అక్కడ ఆమె గొంతు మారిపోయింది. అంతకుముందు ఎప్పుడూ ఆ గొంతులో నేను వినని మెత్తదనం అది.

మర్నాడు ఉదయం ఆమె నేత చీర కట్టుకుని తయారైంది. గుమ్మం దాకా వెళ్లింది. తిరిగి వచ్చి కుర్చీలో కూర్చుని టీవీ పెట్టింది. స్పీకరు ప్రశ్న సంఖ్య చదివి, పొట్నూరు హైమావతి అని పిలిచారు. ఇంకోసారి పిలిచారు. టీవీలో ఆమె ఖాళీ సీటు కనబడింది. తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోయారు. ఆమె రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, ఆ పేరు ఇంకెవరిదో అన్నట్టు వింటూ కూర్చుంది.

కాసేపటికి అప్పలకొండ ఫోను చేశాడు.

"అమ్మా, గుల్లపేటలోనే ఉన్నాను. అందరం టీవీ ముందు కూకున్నాం. ఎర్రమ్మ పని మానుకుని మరీ వచ్చినాది. ఒంట్లో బాగోనేదా ఏటి?"

"అవును అప్పలకొండా... జ్వరం."

"అదే అన్నాను ఈలతో. జాగర్త అమ్మా."

ఫోను పెట్టేసి ఆమె ఏడవలేదు. ఏడ్చి ఉంటే నాకు కొంత ఊరటగా ఉండేది.

వచ్చే సమావేశాలు వచ్చాయి, పోయాయి. జెట్టీ మాత్రం నిజంగానే వచ్చింది. ఆమె చేత్తోనే రిబ్బను కత్తిరించింది. అప్పటికి ఆ నీళ్లలో చేప లేదు. పడవలు ఇసుకలో బోర్లించి ఉన్నాయి. మగవాళ్లు గుజరాత్‌లోని వెరావల్ వెళ్లి పరాయి బోట్ల మీద కూలికి కుదిరారు. ఎర్రమ్మ చిన్నకొడుకు నూకరాజు కూడా వెళ్లాడు. తుపానులో బోటు తిరగబడింది. అతని శవం దొరకలేదు.

పరామర్శకు హైమావతి గుల్లపేట వచ్చింది. పార్టీ ప్రచారం చూసే వినీత్ నన్ను కూడా వెంట తెచ్చాడు. "పాత రోజుల్లోలా మైకు పట్టుకోండి మేడమ్, జనానికి బాగా తగుల్తుంది," అన్నాడు. నాకు తీగ లేదు. అతను సెల్‌ఫోనులో తీస్తున్నాడు.

ఎర్రమ్మ గోడవార చతికిలబడి ఉంది. హైమావతి పక్కన కూర్చుని ఆమె చెయ్యి పట్టుకుంది. వినీత్ వెనక నుంచి సైగ చేశాడు. ఆమె నన్ను ఎత్తింది. ఎర్రమ్మ కొంగు సర్దుకుని సెల్‌ఫోను వైపు ఓసారి చూసి, హైమావతిని అడిగింది:

"ఏటనమంటావో నువ్వే సెప్పమ్మా, నాను అదే అంటాను. మా ఆడపిల్లకి ఆ మందుల కంపినీలో సీసాలు కడిగే పనైనా ఇప్పించు. ఆలు మీకు తెలిసినోలే కదా."

హైమావతి నన్ను దించి ఒళ్లో పెట్టుకుంది. ఎర్రమ్మ ఇంకా జవాబు కోసం ఆమె మొహంలోకే చూస్తోంది. "ఇప్పిస్తాను," అంది చివరికి, ఒళ్లో ఉన్న నాకు తప్ప ఎవరికీ వినబడనంత నెమ్మదిగా.

తిరిగి వెళ్తుంటే కారులో వినీత్, "కంపెనీ మాట తీసేస్తాను మేడమ్. మిగతాది చాలా బాగా వచ్చింది. నెట్‌లో పెట్టెయ్యనా?" అన్నాడు.

ఆమె కారు అద్దంలోంచి బయటికి చూసింది. ఊరు దాటింది. సముద్రం కనబడడం మానేసింది.

"పెట్టు," అంది.

ఆ పిల్లకు ఉద్యోగం వచ్చింది. నన్ను పార్టీ ఆఫీసు సామాన్ల గదిలో పాత జెండాల మీద పడేశారు. నాకు దీనిమీద ఫిర్యాదు లేదు. తీగ లేని మైకుకు అంతకన్నా మంచి చోటు ఎవరిస్తారు? గోడ అవతల నుంచి మాటలు వినబడుతూనే ఉంటాయి. ఎన్నికల్లో హైమావతి మళ్లీ గెలిచింది. గెలిచిన మర్నాడు విలేకరులు చుట్టుముడితే ఓపిగ్గా నిలబడి అన్నిటికీ జవాబు చెప్పిందట. గుల్లపేట గురించి మాత్రం ఎవరూ అడగలేదట.