చిక్కుడాకు ఊపిరి

ముందే ఒప్పుకుంటున్నాను, ఈ కథలో ఒక చిక్కుడాకు ఊపిరి వదలడం తప్ప పెద్దగా ఏమీ జరగదు.

పిన్ని అప్పటికే గాజు సీసాలన్నీ కడిగి బోర్లించి, ప్రయోగశాలలో చిక్కుడు కుండీలకు నీళ్లు పోస్తోంది. అందరికీ ఆమె పిన్నే, చాటున వసపిట్ట. చిన్నప్పుడు బళ్లో మాట్లాడుతోందని బెంచీ ఎక్కిస్తే, ఆ ఎత్తు నుంచి ఇంకొంతమందితో మాట్లాడేదట. భర్త పోయాక ఇంట్లో గోడలు బదులివ్వక ఈ పనిలో చేరింది. ఇక్కడా బదులివ్వరు గానీ, వినేవాళ్లంతా పచ్చగా ఉంటారు.

"ఏమే పొట్టీ, రాత్రికి రాత్రే పొడుగయ్యావే! ఎవరితోనే పోటీ?"

ఆ కబుర్లే కొంప ముంచాయి. దీపం ఆపగానే ఆకు వదిలే తొలి ఊపిరిలో, కార్బన్‌లోనే కాస్త బరువైన రకం ఎక్కువ. చీకట్లో ఉండేకొద్దీ తగ్గుతుంది. ఆ ఊపిరిని వరుసగా సీసాల్లో పట్టాలి. పట్టినప్పుడల్లా పిన్ని ఊపిరి కలిసి లెక్క చెడింది. మనిషి ఊపిరి ముందు ఆకు ఊపిరెంత, ఏనుగు ముందు చీమ!

"పూతకొస్తే ఈ మొక్కలిక పనికిరావు పిన్నీ. ఇవాళ చెడితే నా చదువు బూడిదలో పోసిన పన్నీరే," అంది పరిశోధన చేసే అమ్మాయి.

"నోరు కుట్టేసుకుంటా అమ్మడూ. ఉద్యోగంలో ఆఖరి రోజు, ఆ మాత్రం చెయ్యనా?"

"నువ్వా? కుట్లు విప్పించుకుని మరీ మాట్లాడతావు."

దీపం ఆపబోతుండగా పిన్ని కంటపడింది, పొట్టిదాని కొసన తొలి మొగ్గ. మాట గొంతు దాకా వచ్చింది. బుగ్గలు పూరించి, కళ్లు పెద్దవి చేసి, మింగేసింది. సీసా సీసాకీ మధ్య, వెలుతురు రాకుండా కట్టిన నల్ల తెర బయటికెళ్లి ఊపిరి పీల్చుకుని వచ్చినా పెదవి విప్పలేదు. ఒక్క మాట జారితే ఆగదని ఆమెకు తెలుసు. ఆఖరి సీసా మూత బిగిసింది.

"మొగ్గేసిందే!" వరండా మారుమోగింది.

సాయంత్రానికి, సీసాల్లో ఊపిరిని కొలిచి యంత్రం గీసిన గీత పైన మొదలై కిందికి జారింది, అచ్చం జారాల్సినట్టే. అమ్మాయి పిన్నిని పట్టుకుని గిరగిరా తిప్పింది.

"నీ ఊపిరి ఆవగింజంతైనా లేదు పిన్నీ!"

"అదేంటే, నేను లేకపోతే ఇంత సంబరమా?"

నవ్వీ నవ్వీ ఇద్దరికీ కళ్లనీళ్లొచ్చాయి. పిన్ని ఒక్కో కుండీ దగ్గరా ఆగి, తాళాలు ఇచ్చేసి వెళ్లిపోయింది.

మర్నాడు అలమరలో ఖాళీ సీసాల పక్కన ఒకదానికి మాత్రం మూత గట్టిగా బిగించి ఉంది. మీద అతికించిన చీటీలో, 'ఇది పూర్తిగా నాదే. పొట్టిదానికి ఇవ్వు.'

లోపల గాజుకు సన్నటి ఆవిరి అంటుకుని ఉంది.