దంతవైద్యుడి అద్దాల బీరువాలో నేను

నేను ఒక సిపాయి నీళ్ల సీసాను. సీసా అన్నాను కదా అని గాజుదనుకోకండి. ఇనుప రేకు, దాని మీద నీలం ఎనామిల్, ఆ పైన మందపాటి కంబళి గుడ్డ తొడుగు, నోటికి బెండు బిరడా. రెండో ప్రపంచ యుద్ధం నాడు నాలాంటివాళ్లను వేలకొద్దీ తయారుచేసి, సర్కారు బాణం గుర్తు కొట్టి రైలెక్కించారు. ఇప్పుడు విశాఖపట్నంలో ఒక పళ్ల డాక్టరు ఇంట్లో, అద్దాల బీరువాలో ఉంటున్నాను. నా పక్కన ఒక చీటీ ఉంది. దాన్ని చూసినప్పుడల్లా నాకు డోకొస్తుంది. కక్కుకోవడానికి కడుపులో చుక్క నీళ్లు కూడా లేవు.

నన్ను మొదట భుజాన వేసుకున్నవాడు బగాది లింగన్న. పలాస దగ్గరి పల్లె అతనిది. బర్మా సరిహద్దు కొండల్లో, గాయపడినవాళ్లను స్ట్రెచర్ మీద మోయడం అతని పని. తుపాకీ ఎవరూ ఇవ్వలేదు, అతనూ అడగలేదు. వానలో, బురదలో, జలగల మధ్య మోసుకొస్తూ, దించిన ప్రతిచోటా నా బిరడా తీసి వాళ్ల నోట్లో నీళ్లు పోసేవాడు. ఒకసారి శత్రువుల సిపాయి ఒకడు పొట్ట పట్టుకుని పొదలో మూలుగుతుంటే వాడికీ పోశాడు. తోటివాడు కసిరితే, "నీళ్లేరా, తుపాకీ ఇచ్చినానేటి?" అన్నాడు.

యుద్ధం అయ్యాక నన్ను తీసుకునే ఇంటికొచ్చాడు. జీడితోటలో కూలికి వెళ్లినా నేను వెంట ఉండాల్సిందే. ముసలివాడై నిద్రలోనే పోయాడు. ఆ తర్వాత కూతురు నారాయణమ్మ ఇంట్లో చిలక్కొయ్యకు వేలాడాను. ఒక తుఫానుకు ఆ ఇల్లు కూలింది. మట్టిలోంచి నన్ను ఏరుకున్న పాత ఇనుములవాడు, విశాఖలో గజపతి అనే వ్యాపారికి అమ్మాడు.

సైనికుల పాత సామాను అమ్మడమే గజపతి వ్యాపారం. నన్ను అటూ ఇటూ తిప్పి పెదవి విరిచాడు. "మరీ శుభ్రంగా ఉంది. ఎవడు కొంటాడు దీన్ని?" అంటూ సుత్తి, మేకు తీసి నా పొట్ట మీద ఒక్క పోటు పొడిచి సొట్ట చేశాడు. తూటా తగిలిందట. కోళ్ల కొట్టు నుంచి రక్తం తెప్పించి తొడుగుకు పూసి ఎండలో పెట్టాడు. ఈగలు ముసిరాయి. చావుల మధ్య తిరిగినన్నాళ్లూ నా ఒంటికి అంత కంపు లేదు.

అప్పుడొచ్చాడు డాక్టర్ ముకుందరావు. ఆయనకు విద్య ఉంది, కాదనను. పళ్లు చూసే చిన్న అద్దాన్ని నా నోట్లో దించి లోపలి అతుకు చూశాడు. బాణం గుర్తు తడిమాడు. "సీసా అసలుదే" అన్నాడు. తొడుగు పక్కకు లాగి సొట్ట దగ్గర ఆగాడు. "ఎనామిల్ లేచినచోట ఇనుము తళతళలాడుతోంది. అప్పటి దెబ్బయితే ఈపాటికి తుప్పు తినేసేది. ఇది మొన్నటిది. మరకేమో కోడిరక్తం. నా దగ్గరా, గజపతీ?"

గజపతి సిగ్గులేకుండా నవ్వి ధర సగానికి దించాడు. నిజం తెలిసినవాడి చేతిలో పడ్డానని నేను సంబరపడ్డాను.

ఇంటికెళ్లగానే ఆయన చేసిన పని ఆ చీటీ రాయడం. "తొమ్మిదిమంది శత్రువులను చంపి, తూటాకు నేలకొరిగిన తెలుగు వీరుడి సీసా." బేరమాడేటప్పుడు పనికొచ్చిన నిజం బీరువా దాకా రాలేదు.

పేపర్లో నా ఫోటో, ఆ రాతా పడ్డాయి. ఒక ఆదివారం ఆయనలాగే పాత సామాను పోగుచేసే మిత్రులు వచ్చారు. ఒకాయన కాఫీ చప్పరిస్తూ నా మరకను వేలితో తాకి, "మనిషి ప్రాణం పోయిన వస్తువంటే ఆ విలువే వేరండీ" అన్నాడు. చెప్పేటప్పుడు ఆయన నోట్లో నీళ్లూరడం చూశాను.

అప్పుడే నారాయణమ్మ గుమ్మంలోకి వచ్చింది. పేపర్లోది ఎవరో చదివి వినిపిస్తే, ఫోటోలో నన్ను గుర్తుపట్టిందట. చెప్పులు బయట విడిచి వచ్చి నా ముందు నిలబడింది.

"బావూ, ఇది మా అయ్యది. తొడుగు సిరిగితే ఎర్ర దారంతో నానే కుట్టినాను, సూడండి. నాకు ఇచ్చీమని అడగను. ఆ కాయితం ఒక్కటీ తీసీండి. మా అయ్య ఎవుల్నీ సంపనేదు. దెబ్బ తగిలినోలికి నీళ్లు పోసీవోడు. ఇంట్లో, మంచం మీద పోనాడు."

డాక్టరు కళ్లు ఎర్ర దారం దగ్గర ఆగాయి. ఆ కళ్లు పొరబడవని నాకు తెలుసు.

"పొరబడ్డావమ్మా. ఇలాంటి సీసాలు వేలున్నాయి" అన్నాడు, మిత్రుల వైపు చూస్తూ. "కాఫీ తాగి వెళ్లు."

"కాఫీకి రానేదు బావూ" అంది. చెప్పులు తొడుక్కుని వెళ్లిపోయింది.

అందరూ వెళ్లాక డాక్టరు బీరువా తెరిచాడు. చీటీ తీసేస్తాడనుకున్నాను. సన్నని కత్తెరతో ఎర్ర దారాన్ని పోగు పోగుగా తెంపి, నోటితో ఊదేశాడు. తొడుగు నోరు తెరుచుకుంది.

మర్నాడు చీటీలో ఒక ముక్క కొత్తగా చేరింది. ఆ చిరుగు శత్రువు బాయినెట్ కత్తి పోటట.