ఐసు నీళ్లలో కూర్చున్న పోతమ్మ

ఇలా దగ్గరకు జరగండమ్మా, ఆడపిల్లలు మరీ ముందుకు రండి. మన ఫిషింగ్ హార్బర్‌లో చేపలమ్మే పోతమ్మ సంగతి చెబుతాను.

అక్కడ ఐసు కరిగి నీళ్లు పారే మూల ఎవరికీ అక్కర్లేదు. పోతమ్మ మాత్రం అక్కడే చతికిలబడేది.

"ఏటే, కప్పలాగ ఆ నీట్లోనే కూకుంటావు! ఇటు రాయే" అని వదిన గురువమ్మ వేళాకోళం చేసేది.

"నాకు సల్లగా ఉంటాది వొదినా."

అసలు సంగతి వేరు. గర్భసంచి తీయించుకుని వచ్చిన కొద్ది రోజులకే ఆమెకు మూత్రం కారడం మొదలైంది. కూర్చున్నా నిలబడ్డా ఆగదు. ఆ తడి ఐసు నీళ్లలో కలిసిపోతుందని అక్కడ కూర్చునేది. మంచినీళ్లు తాగడం మానేసింది. మానేసినా కారడం ఆగలేదు, పైగా మంట. మొగుడు అర్జునరావుకు కూడా చెప్పలేదు. నలుగురికీ తెలిస్తే తన తట్టలో చేప ఎవరు కొంటారని బెంగ.

ఒకరోజు ఐసు బండి రాలేదు. నేలంతా పొడి. పోతమ్మ అటు తిరిగింది, ఇటు తిరిగింది, ఒకచోట కుదురు లేదు. చీర వెనక తడి పాకుతోంది. చేపలు కడిగే బకెట్టు ఎత్తి గబుక్కున తన మీదే కుమ్మరించుకుంది.

"ఓలమ్మ! పిచ్చెక్కిందేటే?" అంటూ గురువమ్మ వచ్చి పట్టుకుంది. చేపల మధ్య పెరిగిన ముక్కు, వేరే వాసన ఇట్టే పసిగట్టింది. తన తువ్వాలు పోతమ్మ నడుముకు చుట్టి, "ఎన్నాళ్ల నుంచే? నాకు సెప్పకూడదేటి?" అంది.

"నవ్వుతావని..."

"నవ్వడానికి నానేటి పరాయిదాన్నా? నడు, ఆటో ఎక్కు."

పెద్దాసుపత్రిలో డాక్టరు హిమబిందు మూత్రసంచిలోకి నీలిరంగు మందు ఎక్కించారు. యోనిలో పెట్టిన దూది నీలమైంది, అంటే మూత్రం అటుగా కారుతోందన్నమాట.

"ఇందులో నీ తప్పేం లేదమ్మా. గర్భసంచి పక్కనే మూత్రసంచి ఉంటుంది. తీసేటప్పుడు దానికి దెబ్బ తగిలి చిల్లు పడింది. ఒక్కొక్కసారి జరుగుతుంది. ఆపరేషన్ చేసి మూసేయొచ్చు."

"సచ్చిందాకా ఇంతేననుకున్నానమ్మా! గర్భసంచి తీసిన ఆసుపత్రిలో నర్సమ్మకి సెప్తే, నీరసం, అదే తగ్గిపోద్ది అన్నాది."

"ఒకసారి చెప్పి ఊరుకోకూడదు. మళ్లీ అడగాలి, వినకపోతే ఇంకో డాక్టరు దగ్గరకు వెళ్లాలి. వెంటనే తెలిస్తే, చిన్న చిల్లయితే, మూత్రానికి గొట్టం పెట్టి ఉంచినా మానిపోవచ్చు."

చిల్లు మూశారు. మానేదాకా మూత్రానికి గొట్టం ఉంచారు. తీస్తే మళ్లీ కారుతుందేమోనని పోతమ్మకు నిద్ర లేదు. తీసిన రోజు పదే పదే చీర తడిమి చూసుకుంది. పొడిగా ఉంది.

పక్క మంచం మీద సబ్బవరం నుంచి వచ్చిన కాశమ్మ, ఆమె కూడా గర్భసంచి తీయించుకున్న మనిషే, తడిసిన దుప్పటి చుట్టి కిందకు దోపుతోంది. పోతమ్మ చూసింది. వార్డంతా వినేలా కేకేసింది: "దాసకే అప్పా! నాకూ ఇలాగే అయింది. డాక్టరమ్మా, ఓపాలి ఇటు రండి!"

ఆపరేషన్ తర్వాత మూత్రం కారుతుంటే సిగ్గుపడి దాచకండి, అది బాగయ్యే గాయం. ఈ ఒక్క మాట మరిచిపోకుండా మీ వీధిలో ఆడవాళ్లందరికీ చెప్పండమ్మా.