జొన్నకంకుల నడుమ దీపం

బీరప్ప ఈతకుంచెను సున్నం బాల్చీలో ముంచి, అంచుకు రెండుసార్లు ఒత్తి, సైదులు సోడా దుకాణం తలుపు మీదున్న దీపాన్ని ముందు కప్పేశాడు. తర్వాత దానికి అటూ ఇటూ ఉన్న రెండు జొన్నకంకులను కప్పాడు. పొద్దున్నుంచి ఊళ్లో ఇదే పని. చెరుపుతున్న గుర్తులన్నీ ఒకప్పుడు తన చేత్తో వేసినవే కావడంతో, ఎవరి కంటా పడకుండా తలవంచుకుని కానిస్తున్నాడు.

అతడు ఊరి హైస్కూల్లో చప్రాసి. పొట్టి మనిషి. ఎండకు కమిలిన మెడ, మోకాళ్లు దాటని ఖాకీ నిక్కరు, నెరిసిన మీసం. కుడిచేతి గోళ్ల సందుల్లో జాజు ఎరుపు ఎంత తోమినా పోదు. కురుమల ఇంట పుట్టిన వాడు. తండ్రి ఉన్నన్నాళ్లూ గొర్రెల వీపుల మీద ఆ జాజుతోనే తమ మందగుర్తు అర్ధచంద్రం దిద్దేవాడు. ఒక వానాకాలం రోగం వచ్చి మంద మందంతా తుడిచిపెట్టుకుపోయింది. ఖాళీ దొడ్డి ముందు కూర్చున్న అతణ్ని అప్పటి పెద్దసారు పిలిచి బడిగంట చేతికిచ్చాడు.

కొన్నాళ్లకు కమిటీ వాళ్లు బడికి ఒక గుర్తు ఉండాలనుకున్నారు. రెండు జొన్నకంకులు, నడుమ దీపం. బల్లల మీద, నీళ్ల బానల మీద దాన్ని వేసేదెవరు అంటే బీరప్ప ముందుకొచ్చాడు. గొర్రె కదులుతుండగా గుర్తు దిద్దిన చేతికి కదలని బల్ల ఒక లెక్కా? అక్కడితో ఆగితే బాగుండేది. పిల్లలు అడిగినప్పుడల్లా మంచినీళ్లిస్తాడని సైదులు తలుపుకొకటి, బడిపిల్లల జుట్టు కత్తిరించే మంగలి పెట్టెకొకటి, ఇలా మనసుకు నచ్చిన వాళ్లందరికీ వేసిపెట్టాడు. మంద పోయినా మందగుర్తు పెట్టే యావ మాత్రం పోలేదని భార్య గుర్వమ్మ దెప్పేది.

కొంప ముంచింది మాత్రం వేరే ఎవరో. ఒక బీడీల వ్యాపారి ఆ గుర్తును తన కట్టల కాగితం మీద అచ్చువేయించుకున్నాడు. తనిఖీకి వచ్చిన అధికారి బీడీ ముట్టించబోయి, కట్ట చూసి, పిల్లలకు పాఠాలు చెబుతున్నారా, బీడీలు చుట్టడం నేర్పుతున్నారా అని పెద్దసారు రామచంద్రయ్యను అందరి ముందూ అడిగాడు. కమిటీ వాళ్ల పరువు గంగలో కలిసింది. వెంటనే హుకుం పుట్టింది: బడి సొత్తు మీద, బడిపిల్లల మీద తప్ప ఆ గుర్తు ఎక్కడా కనిపించకూడదు, ఇంకెవరైనా వాడుకోవాలంటే అనుమతి తీసుకోవాలి. అంతదాకా ఊళ్లో ఉన్నవన్నీ చెరిపే పని బీరప్పకు పడింది.

సైదులు తన తలుపు తెల్లబోవడం చూసి చిన్నబుచ్చుకున్నాడు. తన తలుపే కళ్లబడిందా, గుట్ట కింది గూడెంలో జానమ్మ బిడ్డ గొంగడి మీద కూడా ఉందిగా, అది ఎవరు చెరుపుతారని నిష్ఠూరమాడాడు. గొంగడి మీదికి ఎలా వచ్చిందో బీరప్పకు అర్థం కాలేదు. తను మాత్రం వేయలేదు. అయినా హుకుం హుకుమే కాబట్టి బాల్చీ పట్టుకుని గూడెం దారి పట్టాడు.

ఆషాఢపు తుంపర మొదలైంది. జానమ్మ గుడిసె ముందు పందిరి కింద కూర్చుని ఉన్ని వడుకుతోంది. మొగుడు పోయిన మనిషి. అన్నదమ్ముల మందతో పాటే ఆమె పది గొర్రెలూ మేస్తాయి. పక్కన కూతురు ఉప్పలమ్మ గొంగడిని తల మీంచి కొప్పెరగా వేసుకుని నిలబడి ఉంది. నల్ల గొంగడి అంచున తెల్ల ఉన్నితో కుట్టిన రెండు జొన్నకంకులు, వాటి నడుమ దీపం. వంకరగా ఉంది, నిజమే. కానీ జొన్నగింజలు ఒక్కొక్కటే విడివిడిగా కనిపిస్తున్నాయి. బీరప్ప వేసిన ఏ కంకిలోనూ గింజలు అంత ఒద్దికగా లేవు.

జానమ్మ అతణ్ని చూడగానే కదురు కింద పెట్టి లేచింది. మొహం కడిగినట్టు తేటపడింది.

"వచ్చినవా అన్నా? బడి తెరిచిన కాన్నుంచి తొవ్వ చూస్తున్న. మీ గుర్తున్న పిల్లను తోలుకపోను ఎవ్వలు రాకపోతిరి. ఏమైందోనని ఫికరైతాంది."

బీరప్పకు అప్పుడు అర్థమైంది. ఇది కురుమ మనిషికి తప్ప ఇంకొకరికి తెలిసే సంగతి కాదు. కొత్త జీవాన్ని మందలో కలపాలంటే ముందు గుర్తు పెడతారు. అది ఎక్కడ తప్పిపోయినా ఆ గుర్తు గల మంద వాళ్లు వచ్చి తోలుకుపోతారు. జానమ్మ అంతే చేసింది. సంతకు వచ్చినప్పుడు బడిగోడ మీద గుర్తును చూసి, మనసులో పెట్టుకుపోయి, బిడ్డ గొంగడి మీద కుట్టింది. గూడెం బడిలో పిల్ల ఐదో తరగతి అయిపోయింది. అక్కడి పంతులుకు ఎండాకాలంలో బదిలీ అయింది. పేరు రాయించాలని, అందుకు ఒక గడువుంటుందని ఆమెకు చెప్పిన వాళ్లు లేరు. బడి తనంతట తానే వచ్చి పిల్లను పిలుచుకుపోతుందని కూర్చుంది.

అతడు బాల్చీని మెల్లగా కాలితో కంప వెనక్కి నెట్టాడు. పేరు రాయించుకోవాలని, దరఖాస్తు పెట్టాలని ఏదో నసిగాడు. ఆమె కాసేపు విని, అతని మొహం వైపు సూటిగా చూసింది.

"గుర్తు తప్పయితె నువ్వే తియ్యి అన్నా. తప్పు కాకపోతె పిల్లను తోలుకపో. గీ ఏడు పోతె ఇగ మందెంబడే ఇది."

అతడు తీయలేకపోయాడు. పిల్లను వెంటబెట్టుకుని బడికి నడిచాడు. దారంతా ఉప్పలమ్మ గొంగడి అంచును బురద అంటకుండా ఎత్తి పట్టుకుంది. అది చూస్తున్నకొద్దీ బీరప్పకు ఏడుపొచ్చినంత పనైంది.

రామచంద్రయ్య చెడ్డవాడేం కాదు. కానీ బీడీకట్ట అవమానం ఇంకా పచ్చిగా ఉంది. అంతా విని, గడువు దాటి నెలైందనీ, వచ్చే ఏడు తీసుకురమ్మనీ చెప్పాడు. అప్పటిదాకా ఆ గుర్తు పిల్ల ఒంటి మీద ఉండకూడదు, కుట్టు విప్పేయమన్నాడు. అన్నేళ్లలో పెద్దసార్ల మాటకు ఎదురు చెప్పని బీరప్ప చేతులు కట్టుకునే నిలబడ్డాడు గానీ, నోరు మాత్రం ఊరుకోలేదు.

"మా మందల్ల ఒక ఆచారమున్నది సారూ. మన గుర్తున్న జీవం మనది కాదంటె, గుర్తు గలాయనే తన చేత్తోని తియ్యాలె. తియ్యకపోతె మనదే. ఇగ దాని మేతా నీళ్లూ మనయే. గా తీసే పని జీతగానితోని చేపియ్యరు."

రామచంద్రయ్యకు కోపం వచ్చింది. వచ్చిన కోపంతోనే కుర్చీలోంచి లేచి, పిల్ల దగ్గరకు వెళ్లి, గొంగడి అంచు చేతిలోకి తీసుకున్నాడు. దీపం మొదట్లో ఉన్నిపోగు కొస ఒకటి బయటికి వేలాడుతోంది. దాన్ని రెండు వేళ్లతో పట్టుకున్నాడు.

"గా పోగు గుంజకు సారూ," అంది ఉప్పలమ్మ మెల్లగా, "మొత్తం ఊడుతది."

ఆయన చెయ్యి అలాగే ఆగిపోయింది. బయట పిల్లలు ఎక్కాలు చదువుతున్నారు. పోగును వదిలేసి, అంచును సరిచేసి, పిల్లను పేరు అడిగాడు. తర్వాత వెళ్లి కుర్చీలో కూర్చుని, రిజిస్టరు తెరిచి కలం తీశాడు.

"కమిటీ అడిగితే నేను చెప్పుకుంటాను బీరప్పా. అనుమతి నేనే ఇచ్చానంటాను."

ఆ సాయంత్రం బీరప్ప ఇంటిగంటను ఎన్నడూ లేనంత సేపు కొట్టాడు. ఇంత సంతోషం మంద ఉన్న రోజుల్లో, ఈనిన గొర్రె పిల్లను నాకుతుంటే చూసినప్పుడు ఉండేది. కంప వెనక మరిచిపోయిన బాల్చీ సంగతి మర్నాటికి గాని గుర్తు రాలేదు.

ఆ తర్వాత అతడు రెండేళ్లు గంట కొట్టాడు. ఉప్పలమ్మ ఎనిమిదో తరగతిలో ఉండగా జ్వరం వచ్చి, ఎవరినీ పెద్దగా ఇబ్బంది పెట్టకుండా, బడి లేని ఒక ఆదివారం చూసుకుని పోయాడు.

కర్మలయ్యాక గుర్వమ్మ అతని వస్తువుల కోసం బడికి వచ్చింది. గంట కింద అతడు కూర్చునే ముక్కాలి పీట ఒకటే ఉంది. ఇంటి నుంచి తెచ్చుకున్నది కనుక దానికి బడిగుర్తు వేసుకోలేదతడు. రామచంద్రయ్య ఆమె ముందు చేతులు జోడించినంత పని చేసి, దాని మీద మా గుర్తు వేసుకోవడానికి అనుమతిస్తావా అమ్మా అని అడిగాడు.

"ఏసుకోండి సారూ," అంది గుర్వమ్మ కొంగుతో కళ్లొత్తుకుంటూ. "గాయిన ఎప్పుడో మీ మందల కలిసిండు."

ఉప్పలమ్మ జాజు కలిపి తెచ్చి, మోకాళ్ల మీద కూర్చుని, గింజ గింజా విడివిడిగా దిద్దింది. మధ్యాహ్నం గంటకు పిల్లలు బయటికి వచ్చేసరికి ముక్కాలి పీట స్తంభం పక్కన ఎండలో ఉంది. దాని మీద రెండు జొన్నకంకులు ఆరిపోయాయి, నడుమ దీపం ఇంకా తడిగా ఉంది.