నన్ను విప్పిన చేతులు

నేను ఒక ట్రాము బండిని. మద్రాసు వీధుల్లో నలభై ఏళ్లు తిరిగాను. బర్మా టేకుతో నా ఒళ్లు చేశారు. ఇనుము ఓడలో వచ్చింది. నెత్తిమీది కడ్డీ కరెంటు తీగను తాకితే చాలు, గుర్రం లేకుండా, పొగ లేకుండా కదిలేదాన్ని. మొదటి రోజు జనం నాకు కొబ్బరికాయ కొట్టి దండం పెట్టారు. వారం తిరక్కుండానే నా మెట్ల మీద తాంబూలం ఉమ్మారు.

నన్ను ఎక్కువ కాలం నడిపినవాడు వరదరాజులు నాయుడు. ఇరవై ఆరేళ్లూ నిలబడే నడిపాడు. డ్రైవరుకు పీట వేస్తే నిద్రపోతాడని కంపెనీవాళ్ల నమ్మకం. పిక్కల్లో నరాలు ఉబ్బితే గుడ్డపీలికలు బిగించి కట్టుకునేవాడు. ఏ మలుపులో నేను మూలుగుతానో అతనికి తెలిసినట్టు మరొకరికి తెలియదు.

తరవాత బస్సులు వచ్చాయి. నాకోసం తోసుకున్న జనమే బస్సు కిటికీల్లోంచి, "పక్కకు జరుగు ముసలీ!" అని నన్ను వెక్కిరించారు. పట్టాల మీద తప్ప నడవలేనిదాన్ని పక్కకు ఎలా జరుగుతాను? కంపెనీ పట్టాలు బాగుచేయడం మానేసింది. కొన్నాళ్లకు, పట్టాలు పాడయ్యాయి కనుక బండ్లు నడపలేమంది. ఒక ఉదయం షెడ్డు గేటుకు తాళం పడింది, పక్కనే ఒక కాగితం. చదువురాని వరదరాజులు, ఎవరో వచ్చి అది చదివి చెప్పేదాకా, డ్యూటీకి ఆలస్యమవుతోందని కంగారుపడుతూ ఊచల అవతల నిలబడే ఉన్నాడు.

వరదరాజులు బస్సు పని అడగబోతే అక్కడి గుమాస్తా నవ్వాడట. ఆ మాట వరదరాజులే మా షెడ్డు కాపలావాడికి చెబుతుంటే విన్నాను.

"'బస్సుకు చక్రం తిప్పాల పెద్దాయనా, పట్టా మీద పోయినోడికి తిప్పేదేం తెలుసు?' అన్న్యాడు."

ఏడాది తరవాత మమ్మల్ని తుక్కు కింద కొన్న చెంగల్రాయ చెట్టి వచ్చాడు. అతని వెనకే, సుత్తీ పానా పట్టుకుని, వరదరాజులు.

"దీని బోల్టులు నీకు తెలిసినట్టు ఎవురికి తెలుసును? బిరబిరా కానీ," అన్నాడు చెట్టి.

నిజమే, అతనికే తెలుసు. తక్కినవాళ్లు రోజంతా కొట్టినా కదలని బోల్టును అతను రెండు తిప్పుల్లో ఊడదీశాడు. చెట్టి మెచ్చుకున్నాడు. మధ్యాహ్నం అన్నం తెచ్చిన వరదరాజులు భార్య ఆండాళ్లు నన్ను చూసి గిన్నె కింద పెట్టేసింది.

"ఈ పని నీకెందుకయ్యా? దీని మీదే గదా మన బతుకు గడిచింది?"

"గడిచింది. ఇంకా గడవాల," అని అతను అన్నం కలుపుకున్నాడు.

సాయంత్రానికి చెట్టికి ఓపిక నశించింది. కొయ్య విప్పుతూ కూచుంటే నెల పడుతుంది, కాల్చేస్తే ఇనుము తేలిగ్గా మిగులుతుందన్నాడు. కిరసనాయిలు డబ్బా తెప్పించి నా ఒంటి మీద పోయించాడు.

"టేకు దొరా, మంచి టేకు," అన్నాడు వరదరాజులు.

"నువ్వే అంటించు."

వరదరాజులు ఒక్క క్షణం నా కొయ్య మీద చెయ్యి ఆనించాడు. నన్ను నిమురుతున్నాడనుకున్నాను. కాదు, నూనె ఎక్కడ బాగా పట్టిందో తడిమి చూస్తున్నాడు. అగ్గిపుల్ల గీశాడు.

నా ఒళ్లు కూలి, ఇనుప చట్రం మాత్రం మిగిలాక చెట్టి సంతోషంగా అన్నాడు: "ఇంకా ముప్పై బండ్లుండాయి. రేపు రా."

వరదరాజులు చేతులు కట్టుకుని అడిగాడు:

"ఎన్ని గంటలకు రావాల దొరా?"