జిప్పుల డబ్బు

మా వదిన దర్జీ. ఇంటి ముందు గదే ఆమె దుకాణం. కొత్త బట్టలు కుట్టిన డబ్బు ఇంటికి, జిప్పులు మార్చిన డబ్బు కామిక్స్‌కి. పెళ్ళయిన కొత్తలో పెట్టుకున్న పద్ధతి ఇది. ఎనిమిదేళ్ళలో ఒక్కసారి కూడా ఆమె ఆ గీత దాటగా నేను చూడలేదు. మొదట్లో కిటికీ గూట్లో ఒదిగిన పుస్తకాలు ఇప్పుడు మూడు అరలు నిండాయి. పల్చటి కామిక్స్ ఉన్నాయి, ఇటుకల్లాంటి గ్రాఫిక్ నవలలూ ఉన్నాయి. ఏది చూపించినా "ఇది ఆరు జిప్పులు, అది పద్నాలుగు" అంటుంది. డబ్బుల్లో ఎంతని అడిగితే మాత్రం ఆలోచించాలి.

"మీ వదిన నన్ను కూడా రెండు జిప్పులకు కొనుంటుంది," అంటాడు అన్నయ్య.

"మీరు పాత ప్యాంటుతో పాటు ఊరికే వచ్చారు," అంటుంది వదిన దారం కొరుకుతూ.

ఆ వారం ఆమె మనసంతా ఒక్క పుస్తకం మీదే ఉంది. సముద్రపు దీపస్తంభంలో తాతతో ఉండే ఒక పిల్ల కథ అది, ఐదు భాగాలు. నాలుగో భాగం చివర దీపం ఆరిపోతుంది, ఓడ వస్తూంటుంది. ఇద్దరం అక్కడే ఆగిపోయి ఏడాదైంది. పుస్తకాల షాపాయన దగ్గరికి ఐదో భాగం ఒకే ఒక్క ప్రతి వచ్చింది. ధర పదకొండు జిప్పులు. ఇంకొకరు అడుగుతున్నారని, శనివారం సాయంత్రం దాకానే ఉంచుతానని చెప్పాడు.

శుక్రవారానికి పది అయ్యాయి.

శనివారం మధ్యాహ్నం ఒక పెద్దాయన తోలు కోటు పట్టుకొచ్చాడు. "జిప్పు పోయిందమ్మా. కొత్తది వేసెయ్యండి, డబ్బు ఇప్పుడే ఇస్తాను." పదకొండోది వచ్చేసిందనుకున్నాను.

వదిన జిప్పును రెండుసార్లు పైకీ కిందికీ లాగి చూసింది. పట్టకారుతో రన్నర్‌ను రెండు పక్కలా కొంచెం నొక్కి, పళ్ళకు కొవ్వొత్తి రుద్దింది. జిప్పు సర్రున పడింది.

"జిప్పు బాగానే ఉందండీ. రన్నర్ వదులైంది, అంతే."

"ఎంతివ్వాలి?"

"నొక్కినందుకు ఏం తీసుకుంటాను? వెళ్ళిరండి."

ఆయన గడప దాటగానే నేను ఆగలేకపోయాను. "ఆయనే వేయమన్నాడు కదా వదినా!"

"ఆయనకు తెలీక వేయమన్నాడు. నాకు తెలుసుగా."

అన్నయ్య పర్సు తీశాడు. "ఆ ఒక్క జిప్పు నేనిస్తాలే."

"మీ జిప్పేం పాడవలేదుగా?"

"ఆగు, ఇప్పుడే పాడు చేస్తా."

వదిన పకపకా నవ్వింది. అయినా తీసుకోలేదు. "ఇవాళ ఒకటి తీసుకుంటే వచ్చే నెల నాలుగు తీసుకుంటాను. పుస్తకాల దగ్గర నా సంగతి నాకు తెలుసు," అని చెప్పులేసుకుంది. "పద చిట్టీ, వద్దని చెప్పి వద్దాం. ఆ అవతలి మనిషిని ఊరికే ఎదురుచూడనివ్వడం దేనికి?"

షాపాయన కూడా "తక్కువైంది తర్వాత ఇద్దురు గానీ" అన్నాడు. వదిన తల అడ్డంగా ఊపింది.

"పోనీ కూర్చుని చదివి పోండి. ఆ అడిగినాయన రావడానికి గంట పడుతుంది."

వదిన చేతులు కొంగుకు తుడుచుకుని స్టూలు మీద కూర్చుంది. నేను పుస్తకం వంక చూడలేదు, ఆమె మొహమే చూశాను. ఒక పేజీ దగ్గర చాలాసేపు ఆగింది. బట్ట కత్తిరించే ముందు గీత చూసుకున్నట్టు, బొమ్మకు తగలకుండా పైపైనే వేలు నడిపింది. ఆమె స్థానంలో నేనుంటే ఆ కోటుకు కొత్త జిప్పు వేసేసేదాన్ని. ఆ సంగతి నాకు అక్కడే తెలిసింది.

కొనేవాడు వచ్చాడు. వదిన పుస్తకాన్ని రెండు చేతులతో అందించింది. "చివరి పేజీ మూల మెత్తగా ఉంది, చూసి తిప్పండి."

దారిలో అడిగాను. "దీపం వెలిగిందా వదినా?"

"చెప్పను. మనం కొన్నాక చదువు."

"ఇంకో ప్రతి ఎప్పుడు దొరుకుతుందో!"

"వెతకమని షాపాయనకి చెప్పి వచ్చాలే. పది ఉన్నాయిగా చేతిలో," అంటూ, ఎదురొస్తున్న వాళ్ళ సంచుల జిప్పుల వంక చూసుకుంటూ నడిచింది.