పైపదును

తెల్లారంగనే జానమ్మ వాకిలి ఊడ్సి, గంప లేపి కోడిపిల్లలను ఇడిసిపెడ్తది. గటెన్క ఇంట్లకు పోయి, ఇత్తనాల కుండల చెయ్యి వెట్టి, బూడిదలకెల్లి అత్తను బైటికి తీస్తది.

అత్త పేరు ఈదమ్మ. వానలు లేని ఏడల్లా ఈదమ్మ ఎండి సన్నగైతది. మక్తల్ దిక్కు గా ఊర్ల అందరికీ ఎరుకే. తెలంగాణ వచ్చిన మర్సటేడు బడిపిల్లంత అయింది. ఆ మీదేడు బిందెంత. కరోనా ఏడు వానలు దండిగ కొడితే నాని, ఉబ్బి, మళ్ల నిండు మనిషై మక్తల్ సంతకు నడుసుకుంట పోయి చెప్పులు కొనుక్కొచ్చింది. గా చెప్పులు ఇప్పుడు గోడ మేకుకు యాలాడుతున్నయ్. రెండేండ్ల సంది సరైన వాన లేదు. ఈ ఎండకాలానికి ఈదమ్మ కందిగింజంత అయింది. పింఛన్ ఇచ్చేటాయన గూడ ఏమన్లే. "అవ్వా, నీ వేలు మిషన్ మీద పడ్తలేదు, కన్నైనా సూపియ్యి" అన్నడు, గంతే.

జానమ్మ అత్తను కొంగుతోటి తుడుస్తది, అరచేతుల పెట్టుకొని జరసేపు ఎండ సూపిస్తది. నీళ్లు మాత్రం తగలనియ్యది. గది ఈదమ్మ పెట్టిన షర్తు.

"నానితే మొత్తం నానాలె," అంటది ఈదమ్మ. "సగం నాని మళ్ల ఎండిన గింజ సస్తది. నన్ను గట్ల సంపకు."

ఈ ఏడు జానమ్మకు ఒకటే ఫికరు. గుంపు మేస్త్రి నరేశ్ కూలోళ్లను బొంబాయికి తీస్కపోనీకె పై వారం సోమారం బండి తెస్తనన్నడు. ఆమె పెనిమిటి ఏసోబు గా బొంబాయిలనే తొమ్మిదో అంతస్తు మీదికెల్లి పడ్డడు. డబ్బల పెట్టి పంపిన్రు. డబ్బ మీద పేరు గూడ తప్పు రాసిన్రు. గా బండి ఎక్కొద్దని జానమ్మ అప్పుడే అనుకుంది. రెండెకరాల సేను మొలిస్తె ఎక్కే పని లేదు. మొలవకపోతే ఎక్కాలె.

మిరుగు కార్తె ఉత్తగనే పోయింది. ఆరుద్రల ఒక శుక్రారం పొద్దుమీకి ఒక వాన కొట్టింది. మన్ను వాసనకు ఊరు ఊరంతా వాకిట్లకొచ్చి నిలవడ్డది. తెల్లారి జానమ్మ అత్తను బొడ్ల దోపుకొని సేనుకు పోయింది. గట్టు పక్కన పిడికెడు మన్ను తీసి పిసికింది. ముద్దయింది.

"పదునుంది," అన్నది.

బొడ్లకెల్లి ఈదమ్మ గొంతు వచ్చింది. "ఏడికెల్లి తీసినవ్ మన్ను?"

"గట్టు కాడ."

"గట్టు కాడ నీళ్లు ఆగుతయ్ గదనే. నడుమ సేన్లకు పో. మోచేతి దాక తొవ్వి సూడు."

తొవ్వితే ఏం కనవడ్తదో జానమ్మకు ఎరుకే. గందుకే తొవ్వలే.

"ఇది పైపదును, జానమ్మా," అన్నది ఈదమ్మ. "మీద తడి, కింద దుమ్ము. కంది పెద్ద గింజ, దానికి దూప ఎక్కువ. ఉన్న కాడికి తాగుతది, ఉబ్బుతది, మొలకేస్తది. ఏరు కిందికి పోతె తడి దొరకది. కొర్రను సూడు, సన్నది. తడి సాలకపోతే ఏండ్లకేండ్లు మన్నులనే పండుకుంటది. దానికి ఆగుడు ఎరుక."

"కొర్రలు ఏడున్నయ్ అత్తా? కుండల ఉన్నయి కందులే."

"అయితే నువ్వే ఆగు."

"నీకేం, కుండల పంటవు. సోమారం బండి వచ్చేది నాకు."



పక్కింటి ఇక్బాల్ బీ పెనిమిటి సర్దార్ ఎడ్లను తోలుకొచ్చిండు. "ఏందమ్మా, పొద్దుగాల్నే అత్తాకోడండ్ల లొల్లి?" అని నవ్విండు. "గింజంతైనా నోరు తగ్గలే గదా అవ్వా!"

"నోరొక్కటి ఎండలే సర్దారూ," అన్నది ఈదమ్మ. గదే ఆమె ఆఖరి మాట.

సర్దార్ నాగలి తోలుతాండు, జానమ్మ ఎనుక నడుస్తాంది. పురుగు పట్టొద్దని ఎర్రమన్ను పట్టించిన కందులు ఒడి నిండ ఉన్నయ్. వంగుడు, ఇడుసుడు, వంగుడు, ఇడుసుడు. పొద్దు నడిమికి రెండెకరాలు అయిపోయింది. అంబలి తాగనీకె కూసోని, అత్తకు నీడ సూపియ్యాలని బొడ్ల చెయ్యి వెట్టింది. లేదు. ఒడి దులిపింది. ఎర్రదుమ్ము రాలింది, గంతే.

"అత్తా!" అని సాలుసాలుకు వంగి పిలిసింది. ఎర్రటి సేను, ఎర్రటి గింజలు. ఎవలూ పలకలే.

సర్దార్ కాడి దించి అట్లనే నిలవడ్డడు. "తొవ్వుదమా, జానమ్మా?"

"తొవ్వితే ఉన్న జర తడి గూడ పోతది," అన్నది జానమ్మ. అని కూసోని అంబలి తాగింది.

బేస్తారం నాడు మొలకలొచ్చినయ్. ఇక్బాల్ బీ సేనుకు ఉరికొచ్చింది. "మొలిసింది గదనే! రానని మేస్త్రికి ఫోన్ కొట్టు!" జానమ్మ కొట్టలే. ఒక్కొక్క మొలకను వేలుతోటి కదిలిచ్చి సూస్తాంది. కంది. ఇదీ కంది. గదీ కందే.

శుక్రారం సంది పడమటి గాలి లేసింది. మొలకలు తలలు ఏలేసినయ్. ఆయితారానికి సేను ఇత్తకముందు ఎట్లుండెనో గట్లనే అయింది. అప్పుడు జానమ్మ నడుమ సేన్ల కూసోని మోచేతి దాక తొవ్వింది. దుమ్ము. మొలిసి సచ్చిన దాంట్ల అత్త లేదు. అంటే ముసల్ది తాగలే. తడి సాలదని ఏడ్నో పండుకుంది. వారం కింద గదే మాట చెప్పె.

సోమారం పొద్దుగాల జానమ్మ మూట కట్టి, తన చెప్పులల్ల కాళ్లు వెట్టింది. రెండడుగులకే చెప్పులు జారినయ్. రైక భుజాల కాడ లూజైంది. చెప్పులు చేతుల పట్టుకొని బండి కాడికి పోయింది.

నరేశ్ ఆమెను కిందికెల్లి మీదికి సూసిండు. "అక్కా, మొన్న నువ్వు నా భుజం దాక ఉంటివి గదా."

"అయితేంది? పని చేస్త."

"తట్ట ఎట్ల అందిస్తవ్? నాలుగు దినాలైతే తట్టల నువ్వే పడ్తవ్. ఆడ సముద్రం గాలి, అక్కా. సగం తడి గాలి. నానుతవ్, నానవు. ఏమన్న అయితే నన్నడుగుతరు. నువ్వు ఈడనే ఉండు."

బండి ఎల్లిపోయింది. ఆమె కోరుకున్నది గదే. సంబురం మాత్రం రాలే.

ఆరుద్ర పోయింది, మొగులు కాలేదు. జానమ్మ బడిపిల్లంత అయింది, గటెన్క బిందెంత. పొయ్యి మీద గిన్నె అందకపోతే ఇక్బాల్ బీ రొట్టె తెచ్చిస్తుండె. ముక్క సిన్నగ, ఇంకా సిన్నగ తుంచుకుంట. ఒకనాడు వచ్చేటాలకు జానమ్మ కుండ మూతి మీద కూసోని ఉంది.

"కుండ ఖాళీనే గదా," అన్నది జానమ్మ. "బూడిద ఎయ్యి. నీళ్లు తగలనియ్యకు."

"వానొస్తె?"

"మోచేతి దాక తొవ్వి సూడు. గట్టు కాడ కాదు, నడుమ సేన్ల. కింద గూడ తడుంటేనే నన్ను తీస్కపోయి గా సాల్లల్ల ఇడువు. ఏడ్నో ముసల్ది ఉంటది."

"తడి లేకపోతే?"

"మళ్ల మూత పెట్టు."

ఇక్బాల్ బీ పిడికెడు బూడిద పోసింది, మూత పెట్టింది, మూత మీద రాయి పెట్టింది. పోవుకుంట పోవుకుంట గడప కాడ పడున్న జానమ్మ చెప్పులు తీసి, దుమ్ము దులిపి, గోడ మేకుకు అత్త చెప్పుల పక్కన తగిలిచ్చింది.